మీరు అంటే పెదవులు కలవాలి

స్టూడియోలో ఆమెను అందరూ గిన్నెలక్క అంటారు. గిన్నెలు అమ్మే మనిషేమీ కాదు. ముప్పై రెండేళ్లుగా పరభాషా సినిమాలకూ సీరియళ్లకూ తెలుగు గొంతు ఇవ్వడం ఆమె వృత్తి. తెర మీద ఎవరైనా చీపురుతో కనిపిస్తే చాలు, గిన్నెలక్కకి ఫోన్ చెయ్యమంటారు. రాణిగారికి వేరే గొంతు, లాయరమ్మకు వేరే గొంతు, పనిమనిషికి మాత్రం ఈవిడే. ఎవరు నిర్ణయించారో తెలియదు కానీ, ఒకసారి అలా ముద్ర పడ్డాక చెరపడం బ్రహ్మతరం కూడా కాదు. "అమ్మగారూ" అన్న ఒక్క మాటను ఆమె ఏడుస్తూ అంది, వణుకుతూ అంది, దొంగతనం చేసి దొరికిపోయి మరీ అంది. తెర మీద ఆమెను తిరిగి "గారు" అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

రెండేళ్ల కిందట ఆ గొంతు జనం ఫోన్లలోకీ ఎక్కింది. ఏదో సీరియల్లో ఆమె చెప్పిన "అమ్మగారూ, గిన్నెలు తోమేశానండీ" అన్న ముక్కను ఎవరో కత్తిరించి, ఒక పిల్లి బొమ్మకు అతికించి వదిలారు. ఆఫీసులో పని పూర్తయినా, పరీక్ష అయిపోయినా జనం ఒకరికొకరు ఆ పిల్లినే పంపుకున్నారు. బస్సులో ముందు సీటు నుంచి తన గొంతు వినిపించి గిన్నెలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికి వెళ్లి అక్కకు చూపిస్తే అక్క మాత్రం నవ్వలేదు. "గొంతు నీదే, బాగానే ఉంది," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఈ అక్క గురించి చెప్పాలి. తల్లి పోయినప్పుడు చెల్లెలికి తొమ్మిదేళ్లు, అక్కకు పందొమ్మిది. ఆ ఏడాదే అక్క ఆస్పత్రిలో ఆయాగా చేరింది. ఆ జీతంతోనే చెల్లెల్ని పెంచింది, చదివించింది. ఇప్పుడు ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఒకరికొకరుగా ఉంటున్నారు. అక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. అయినా కూర్చోదు. నలభై ఏళ్లు వార్డులో నిలబడ్డ మనిషి, అక్కడి కుర్చీలన్నీ వేరేవాళ్లవి. అన్నం కూడా వంటగట్టు దగ్గర నిలబడే తింటుంది. చెల్లెలు గొంతు ఇచ్చిన సీరియళ్లన్నీ ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి, తన భుజాన్ని గోడకు ఆనించి చూస్తుంది. పక్కనే స్టూలు ఉంటుంది, దాని మీద కూరగాయల సంచీ ఉంటుంది. కూర్చో అక్కా, కూర్చో అక్కా అని చెల్లెలు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆస్పత్రి కబుర్లలో అక్క నవ్వుతూ చెప్పేది ఒకటుంది. కొత్తగా చేరిన డాక్టరొకడు ఒకరోజు, "మీరు కాస్త పక్కకి జరుగుతారా?" అన్నాడట. అక్క బకెట్ పట్టుకుని వెనక్కి తిరిగి చూసిందట, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. ఆ డాక్టరు వారం తిరక్కుండానే మిగతావాళ్లను చూసి "ఏమే" అనడం నేర్చుకున్నాడు. పాపం, అతనికీ అలవాటు చేశారు అంటుంది అక్క. ఆ కథకు ఆవిడ నవ్వినంతగా చెల్లెలు ఎప్పుడూ నవ్వలేకపోయింది.

మొన్న కొత్త పని వచ్చింది. ఎనిమిది భాగాల విదేశీ సిరీస్, ఫోన్లలో వచ్చేది. విశేషం ఏమిటంటే అందులో ఆస్పత్రి ఆయానే కథానాయిక. ఒక బిడ్డకు తప్పు మందు ఇస్తున్నారని ఆయా కనిపెడుతుంది. పెద్ద డాక్టరు వినడు. ఏడు భాగాలు ఆవిడ వెంటపడి చెబుతుంది. చివరికి వింటాడు, బిడ్డ బతుకుతుంది. గిన్నెలక్క ఇంటికొచ్చి ఈ కథ చెబితే అక్క చేస్తున్న పని ఆపింది.

"కథంతా ఆయాదేనా?"

"ఆయాదే అక్కా."

"అయితే ఎవరైనా దాన్ని మీరు అంటారా?"

చూసి చెబుతానంది గిన్నెలక్క. మర్నాడు స్టూడియోలో ఎనిమిది భాగాల కాగితాలూ ముందు వేసుకుని వెతికింది. డాక్టరు ఆయాను నువ్వు అన్నాడు, నర్సు నువ్వు అంది, గేటు దగ్గర కాపలావాడు కూడా నువ్వే. ఆయా మాత్రం అందరినీ మీరు, అండి, గారు. అసలు భాషలో ఈ గొడవే లేదట, అందరికీ ఒకటే మాటట. మెట్లన్నీ తెలుగులోకి వచ్చాక మనవాళ్లు కట్టినవే. బిడ్డను బతికించిన మనిషిని కూడా కింది మెట్టు మీదే నిలబెట్టారు. ఇది చదివి అక్కకు ఏ మొహంతో చెప్పాలా అని గిన్నెలక్క ఆ రోజు టీ కూడా తాగలేదు.

ఆఖరి భాగం చెప్పే రోజు వచ్చింది. అందులో డాక్టరు ఆయాను తన గదికి పిలుస్తాడు. కాగితంలో అతని మాట ఇలా ఉంది: "కూర్చో. నువ్వు చెప్పిందే నిజం." అది గిన్నెలక్క చెప్పాల్సిన మాట కాదు. డాక్టరుకు గొంతు ఇచ్చేది వేరే ఆయన, నిండు గొంతు, మంచివాడు, పక్కనే గొంతు సవరించుకుంటున్నాడు. ఒకరి మాటలో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది ఆ వృత్తిలో మర్యాద. ముప్పై రెండేళ్లలో గిన్నెలక్క ఆ గీత దాటలేదు. ఆరోజు దాటింది. మాటలు రాసే అమ్మాయి దగ్గరకు వెళ్లి, ఈ ఒక్కచోట మీరు అనిపించమని అడిగింది.

ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు, తెలివైన పిల్ల. ఆయాను ఎవరు మీరు అంటారక్కా, చూసేవాళ్లకు సహజంగా ఉండదు అంది. పోయినసారి ఇలాంటిదే ఒకటి రాస్తే, పుస్తకాల భాష అని కామెంట్లలో తనను ఉతికి ఆరేశారని చెప్పుకుంది. పైగా పెదవులు కలవవు అంది. అదీ నిజమే. మీరు అనాలంటే ముందు పెదవులు మూయాలి. తెర మీద మనిషి నోరు తెరిచి ఉంటే ఆ మాట అతకదు. నువ్వు అనే మాటకు అంత బాధ లేదు, ఎవరి నోట్లోనైనా ఇట్టే ఇమిడిపోతుంది.

"మీరే చెప్పండక్కా, ఎలా పెట్టను?" అంది ఆ అమ్మాయి.

"నన్ను మీరు అంటున్నావు కదమ్మా. నేనేం డాక్టర్నా?"

గిన్నెలక్కకు వాదించడం చేతకాదు. బొమ్మను శబ్దం లేకుండా ఒకసారి వెయ్యమంది. తర్వాత ఇంకోసారి వెయ్యమంది. ఆరోసారికి తెర దగ్గరగా వెళ్లి వేలు పెట్టి చూపించింది. తెర మీద డాక్టరు నోరు తెరవడానికి ముందు పెదవులు గట్టిగా బిగబట్టాడు. అంతవరకూ దాన్ని ఎవరూ లెక్క చేయలేదు, నటుడు ఊపిరి తీసుకుంటున్నాడనే అనుకున్నారు. ఆ వెంటనే అతను వంగి, కుర్చీ లాగి ఆయా ముందు వేశాడు. వంగినప్పుడు మొహం కనిపించదు, ఎంత మాటైనా పడుతుంది.

"చూడమ్మా, ఇక్కడ పెదవులు కలిసే ఉన్నాయి. మీరు అనడానికి ఆయన ఎంత అవస్థ పడుతున్నాడో," అంది గిన్నెలక్క. "తన చేత్తో కుర్చీ లాగి వేసేవాడు నువ్వు అనడు తల్లీ."

డాక్టరు గొంతాయన ఎవరినీ అడక్కుండా మైకు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. బొమ్మ వేశారు. మొదటిసారే అతికింది. మాటలు రాసే అమ్మాయి కాగితంలో పాత మాట కొట్టేసి కొత్తది రాసింది. కామెంట్లు వస్తే రానీ అక్కా, నేను చూసుకుంటాను అంది. తిరిగి వెళ్లే బస్సులో గిన్నెలక్క తనలో తనే ఏడ్చుకుంది. ఎందుకో అడిగితే ఆవిడకూ సరిగ్గా చెప్పడం రాదు.

అక్కకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. సిరీస్ విడుదలైన ఆదివారం అక్క పొద్దున్నే ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించింది. ఒక్కో భాగం అవుతున్న కొద్దీ అక్క మొహం ముడుచుకుంటూ వచ్చింది. డాక్టరు నువ్వు అన్నప్పుడల్లా, "వీడూ అంతే," అని గొణిగింది. మధ్యాహ్నం ఆఖరి భాగం వచ్చేసరికి గిన్నెలక్క మడిచిన చీరనే విప్పి మళ్లీ మడుస్తూ గుమ్మంలో నిలబడింది.

తెర మీద ఆయా గదిలోకి వచ్చింది. డాక్టరు పెదవులు బిగబట్టాడు.

"మీరు కూర్చోండి. మీరు చెప్పిందే నిజం."

అక్క గోడ మీంచి భుజం తీసింది. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. స్టూలు మీద ఉన్న కూరగాయల సంచీ తీసి కింద పెట్టింది. మోకాలు ఒక చేత్తో పట్టుకుని మెల్లగా, పూర్తిగా కూర్చుంది. చివరి పేర్లన్నీ పైకి వెళ్లిపోయేదాకా అలాగే ఉంది.

"ఎనిమిది భాగాలు నిలబెట్టాడు మహానుభావుడు," అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"నువ్వెందుకే ఇంకా నిలబడ్డావు? రా, కూర్చో."