మూడో ‘సరే’ కోసం బాన్సువాడ

ముందే చెప్పేస్తున్నాను, బాన్సువాడ వెళ్ళడానికి ఏప్రిల్ మంచి నెల కాదు. ఎండ నెత్తినెక్కి కూర్చుంటుంది. అయినా వెళ్ళక తప్పలేదు. ఒక అమ్మాయి పది రోజులుగా నా ఫోను ఎత్తడం లేదు మరి.

ఆ అమ్మాయి పేరు సుజాత. బాన్సువాడలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేస్తుంది. వాళ్ళ నాన్న బాలయ్య నిజాంసాగర్ కాలువ మీద లస్కర్, అంటే వంతుల ప్రకారం తూములెత్తి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి. ఏ తూము ఏ పొలానిదో ఫోన్లో పటం మీద చూసుకోవడానికి ఆయన కోసం సుజాత ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. పేరు తూముదారి. సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి రాత విప్పి చూసి మార్చుకోవచ్చు కూడా. అలా ఏదో మారుద్దామని వచ్చి అక్కడే తిష్ఠ వేసినదాన్ని నేను. హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవురోజుల్లో ఈ వ్యాపకం. గువాహటిలో ఉండే లెక్కల మాస్టారొకరు కూడా ఇలాగే చేరారు. దాని బాగోగులు చూసేది మేం ముగ్గురమే.

ఈమధ్య ఒక కంపెనీవాళ్ళు దానికి రంగులు మార్చి, మా పేరే పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. వాడుకుంటే మాకేం బాధ లేదు, ఉన్నదే అందుకు. కానీ పేరు మాది కదా! అడ్డుకుందామంటే మాకు వకీలు లేడు, ఆఫీసు లేదు, కనీసం ఒక రబ్బరు స్టాంపు లేదు. ఇలాంటి దిక్కులేని పటాల సాఫ్ట్‌వేర్లను చేరదీసే ఫౌండేషన్ ఒకటుంది, లాభం కోసం నడిచేది కాదు. ప్రాజెక్టు పేరు, వెబ్‌సైటు తన పేర ఉంచుకుని కాపాడుతుంది, వకీలును పెడుతుంది, సర్వర్ కిరాయి కడుతుంది. పని ఎలా చెయ్యాలో మాత్రం చెప్పదు. మమ్మల్ని చేర్చుకోవడానికి ఒప్పుకుంది. శనివారం సాయంత్రం ఐదులోగా మేం ముగ్గురం ప్రాజెక్టు పేజీలో అందరికీ కనబడే చోట ‘సరే’ అని రాయాలి. లేదంటే మళ్ళీ ఆరు నెలల తర్వాతే. నాది, మాస్టారిది వచ్చాయి. సుజాతది రాలేదు.

అందుకే శనివారం పొద్దున ఆరుంబావుకి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. దారిఖర్చులు ఫౌండేషనే ఇస్తానంది, టికెట్లు జతచేస్తే చాలట. కామారెడ్డిలో తొమ్మిదికి దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను, చట్నీలో కారం ధారాళంగా ఉంది. బస్టాండుకు వెళ్ళేసరికి బాన్సువాడ ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది. తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, కండక్టరుకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా రూపాయల టికెట్ చింపి ఇచ్చింది.

“పారేయకు అక్కా, చెకింగోళ్ళు వస్తరు,” అంది.

పారేయడమా! ఫౌండేషన్‌కు లెక్క చూపించాలి. దాన్ని మడిచి పర్సులో పెడుతుంటే పక్క వరసలో పెద్దాయన నవ్వాడు. మెడలో పూలదండలా ఒక లావుపాటి రబ్బరు బెల్టు వేసుకుని కూర్చున్నాడు. పేరు సత్యనారాయణ. తాతగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి బాన్సువాడ దగ్గర వలస రైతుల క్యాంపులో పొలం కొన్నారట.

“ఊరికే ఇచ్చిన టికెట్టుకి అంత భద్రమేంటమ్మా?” అన్నాడు.

చెప్పాను, కాస్త ఎక్కువే చెప్పాను. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కి మళ్ళీ సంస్థ దేనికని ఆయన అడిగితే, “ఈ బస్సు కూడా నాకు ఊరికేనండీ. అలాగని డిపో లేకుండా, మెకానిక్కు లేకుండా నడవదు కదా. ఫౌండేషనంటే మా డిపో అనుకోండి,” అన్నాను. నా ఉపమానానికి నేనే మురిసిపోయాను.

“బానే ఉంది. ఆ డిపోలో ఎవరో తిక్కమనిషి స్టీరింగు పీకేస్తే?”

“అలా ఎందుకు పీకుతారండీ!”

“పీకారమ్మా! పోయిన వారం మా లస్కర్‌కి జ్వరమొచ్చి వేరేవాణ్ణి పంపారు. వాడు ఫోన్లో పటం చూసి ఎడమ తూము బదులు కుడి తూము ఎత్తాడు. కోతకని ఆరబెట్టుకున్న నా మడి నిండా నీళ్ళు! తెల్లారి హార్వెస్టర్ దిగితే సగానికి కూరుకుపోయింది. లాగి బయటికి తెచ్చేసరికి బెల్టు తెగింది. ఇదిగో, కొత్తది కొనుక్కొస్తన్నాను. పటాన్ని తిప్పే బొత్తాం ఒకటుండేదంట. హైదరాబాద్‌లో ఎవరో మహా తెలివైనోళ్ళు అనవసరమని పీకేశారంట.”

ఆ మహా తెలివైనదాన్ని నేనే.

నాకు సర్దుడు జబ్బుంది. మా ఇంట్లో ఏ వస్తువూ పెట్టినచోట ఉండదని మావారు మొత్తుకుంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం తూముదారిని సర్దుతుంటే ‘నీళ్ళు పైన’ అనే బటన్ కనబడింది. నొక్కితే పటం తలకిందులవుతోంది. ప్రపంచంలో ఏ పటానికైనా పైన ఉండేది ఉత్తరమే, ఇదేం చాదస్తం అనుకుని తీసేశాను. ఎవరినీ అడగలేదు.

“ఆ మనిషి దొరికితే ఏం చేస్తారండీ?” అని మెల్లగా అడిగాను.

“ఏం చేస్తాం! ఓసారి మా బురదలో దిగమంటాం.”

బాన్సువాడ వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

పదకొండుకి దిగాను. బస్టాండు దగ్గర ఒక గ్లాసు చెరకురసం తాగి ధైర్యం తెచ్చుకుని సెంటర్‌కు వెళ్ళాను. సుజాత ఎవరిదో దరఖాస్తు నింపుతోంది. నన్ను చూసి తల దించుకుంది. దరఖాస్తు పని పూర్తయ్యేదాకా నిలబడ్డాను.

“ఫోనెత్తితె లొల్లయితదని ఎత్తలే అక్కా,” అంది చివరికి. “ఇరవై ఏండ్ల సంది మా బాపు ఒక్క తూము తప్పు ఎత్తలే. బదులొచ్చినోడు తప్పు చేస్తే, నీ బిడ్డ చేసిన పటమే గద అని అందరు బాపునే అన్నరు. గా దినం సంది ఆయన ఫోన్ల పటం ముట్టుకుంటలేడు. చిట్టీల మీద రాసుకుంటుండు. గది తీసేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగినవా?”

“అడగలేదు.”

“ఇగ గా ఫౌండేషనోళ్ళ చేతుల పేరు పెడితే వాళ్ళు గట్లనే పీకరని ఏంది నమ్మకం?”

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమాపణ చెప్పాల్సింది ఆ పిల్లకు మాత్రమే కాదని కూడా అర్థమైంది. బాపు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. ఒంటిగంటకు సెంటర్ మూసి స్కూటీ మీద బయల్దేరదీసింది.

వాళ్ళింట్లో ముందు అన్నం పెట్టారు. తగువు తర్వాత, తిండి ముందు అన్నట్టుంది వాళ్ళమ్మ లక్ష్మవ్వ వాలకం. పప్పు, మామిడికాయ తొక్కు, మజ్జిగ. మూడింటికి బాలయ్య వెంట కాలువ గట్టుకు నడిచాం. సన్నటి మనిషి, నెత్తికి తువ్వాల. తప్పు నాదేనని చెప్పాను. ఆయన తిట్టలేదు. నా చేతిలో ఫోను తీసుకోకుండా, జేబులోంచి ఒక చిట్టీ తీసి పరిచాడు. దాని మీద గీతలు, తూముల గుర్తులు. కాగితం పైఅంచున నిజాంసాగర్.

“నీళ్ళు ఏడికెల్లి వస్తయో గదే పైన, బిడ్డా.”

నిజాంసాగర్ బాన్సువాడకు దక్షిణాన ఉంది. నేను ఉత్తరం పైనున్న నా పటం చూపించాను. ఆయనకు నవ్వాగలేదు.

“గిట్ల పట్టుకుంటే నీళ్ళు కిందికెల్లి మీదికెక్కుతున్నయి గద! నీళ్ళు చెట్టెక్కుతయా?”

లస్కర్లందరూ ఎప్పుడూ నీళ్ళొచ్చే వైపు పైన పెట్టుకునే చూస్తారట. బదులొచ్చినవాడూ అలాగే అనుకుని చూశాడు, ఎడమ కుడి తారుమారయ్యాయి. ఇంతలో పక్క పొలంలోంచి సత్యనారాయణ కేకేశాడు. దాక్కుని లాభం లేదని గట్టు దిగి వెళ్ళి చెప్పేశాను.

“ఆ మహా తెలివైనోళ్ళు మీరేనా!” నన్ను ఎగాదిగా చూశాడు. “సరే, చెప్పులిప్పండి. ఈ బెల్టు అవతలి కొస పట్టుకోండి.”

చీర కుచ్చిళ్ళు ఎగదోపి బురదలో అరగంట నిలబడ్డాను. బెల్టు ఎక్కింది, హార్వెస్టర్ దగ్గి దగ్గి మొదలైంది. ఆయన నాకు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాడు.

అప్పటికి నాలుగు. గ్రీజు మరకల వేళ్ళతోనే గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి ‘నీళ్ళు పైన’ బటన్‌ను ఉన్నచోట పెట్టేశాను. సుజాత ప్రతి వరసా చదివి, పరీక్షించి, కొత్త కూర్పు వాళ్ళ బాపు ఫోన్లో వేసింది. బాలయ్య చాలాసేపు చూసి వేలితో నొక్కాడు. పటం తిరిగింది, నిజాంసాగర్ పైకొచ్చింది. ఆయన చిట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మరి ఫౌండేషన్?” అన్నాను. నాలుగున్నర దాటింది.

సుజాత వాళ్ళమ్మ వైపు చూసింది. చాయ్ పట్టుకొచ్చిన లక్ష్మవ్వకు విషయం రెండు ముక్కల్లో చెప్పింది.

“మా ఆడోళ్ళ సంఘం వంట బగోనెల లెక్కనే గద,” అంది లక్ష్మవ్వ. “పెండ్లి వంటలకు పనికొస్తయని అందరం కలిసి కొన్నం. నా పేరు మీద ఉంటే నేనలిగిన దినం ఊర్ల పెండ్లి ఆగుతది. గందుకే సంఘం పేరు మీదున్నయి. సంఘం వంట చెయ్యది, ఉప్పు ఎంతెయ్యాల్నో చెప్పది. కానీ అడగకుంట ఎవ్వలు ఒక్క గంటె కూడా తీస్కపోవద్దు, గది రాసుకున్నం.”

సుజాత చప్పున లేచింది. ఫౌండేషన్ పత్రంలో ‘మీరు నిర్ణయాలు ఎలా తీసుకుంటారు?’ అనే గడి ఒకటుంది. అదేదో లాంఛనం అనుకుని ఖాళీగా వదిలేసింది నేనే. సుజాత అందులో రాసింది: ఉన్నదాన్ని తీసేసే ముందు, మార్చే ముందు వారం ఆగాలి. వాడేవాళ్ళను అడగాలి. వాళ్ళ తరఫున మాట్లాడేది బాలయ్య, లస్కర్. ఆయన ఒప్పుకోకపోతే లేదు.

“గిది ఉంటేనే నా సరే,” అంది.

మాస్టారు ఫోన్లో వెంటనే ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోకుండా ఎలా ఉంటాను! తీరా పంపుదామంటే గట్టు మీద మాటలకు అందిన సిగ్నల్ ఇంటర్నెట్‌కు అందలేదు. సుజాత తూము దిమ్మెక్కి, మునివేళ్ళ మీద లేచి, ఫోను ఆకాశానికెత్తి నిలబడింది. కింద నేను గడియారం చూస్తూ కేకలు. నాలుగూ యాభై ఆరుకి ఆ పత్రంతో పాటు సుజాత ‘సరే’ వెళ్ళింది.

ఐదున్నరకు హైదరాబాద్ బస్సెక్కించింది. “ఇగ ఫోనెత్తుత తీ,” అని నవ్వింది. ఇంకో సున్నా టికెట్ పర్సులో చేరింది. రెండింటికీ ఫొటోలు తీసి అప్పుడే ఫౌండేషన్‌కు పంపేశాను.

ఏడుంబావుకి చాయ్ కోసం బస్సు ఆపినప్పుడు ఫౌండేషన్ నుంచి మెయిలు వచ్చింది. తూముదారిని చేర్చుకున్నారట, పేరు సంగతి వకీలు చూస్తాడట. కంపెనీకి సోమవారమే నోటీసు వెళుతుందట. కింద ఒక ముక్క: “సున్నా రూపాయల టికెట్లు అందాయి. మీ నిజాయితీకి ధన్యవాదాలు. వీటి మీద ఎంత చెల్లించాలో దయచేసి తెలపగలరు.”

సంతోషం పట్టలేక మళ్ళీ బస్సెక్కాను. ఇన్నాళ్ళుగా నేను నేర్చుకోనిది ఆ కాలువ గట్టు మీద ఒక్క పూటలో నేర్చుకున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళు అక్టోబరులో వెళ్ళండి, లక్ష్మవ్వ చేతి తొక్కు మాత్రం తినకుండా రావద్దు. కిటికీ పక్కన కూర్చుని పటం తెరిచాను. ‘నీళ్ళు పైన’ నొక్కాను. చక్కగా తిరిగింది. బటన్ రంగే కాస్త వెలవెలబోతోంది, ఆకుపచ్చ చేస్తే ఎంత అందంగా ఉంటుందో అనిపించింది. ఈసారి బుద్ధిగా, పద్ధతి ప్రకారం, అందరికీ కనబడే చోట ప్రతిపాదన రాసి పెట్టాను.

పది నిమిషాల్లో బాలయ్య గొంతు వచ్చింది, రెండు సెకన్ల సందేశం.

“వద్దు బిడ్డా.”

ఫౌండేషన్‌లో చేరాక మా ప్రాజెక్టు తీసుకున్న మొదటి నిర్ణయం అదే.