జొన్నరొట్టె మొహానికి ముంగురులు

ఆ రోజుల్లో ఏ మొహానికి ఏ జుట్టు నప్పుద్దో చెప్పటానికి నీ చేతిలో ఉన్నట్టు ఫోన్లు లేవు తల్లీ, అడక్కపోయినా ఊళ్ళోవాళ్ళే చెప్పేవాళ్ళు. మా మేనత్తయితే నన్ను 'జొన్నరొట్టె మొహమా' అనే పిలిచేది. (నవ్వమాక, నా మనవరాలివి, నీకొచ్చిందీ అదే మొహం. నే చెప్పేది రాయి.) నాకప్పుడు పదిహేడేళ్ళు, ఆ మాటకి చచ్చేంత సిగ్గుగా ఉండేది. పక్కింట్లో బట్టలు కుట్టే అక్క దగ్గర ఒక పాత వారపత్రిక కనపడింది. గుండ్రటి మొహం వాళ్ళు పక్కపాపిడి తీసి, కాస్త జుట్టు చెంపల మీదికి వాలేట్టు కత్తిరించుకుంటే మొహం కోలగా కనపడుద్దంట. నేను బొమ్మ చూశా, రాసింది సగమే చదివా. సోమవారం పొద్దున అమ్మ నీళ్ళకి పోగానే, ఆ అక్క కత్తెరతోనే నుదుటి మీద అడ్డంగా కరకరా కోసేశా. అద్దంలో చూస్తే ఏముంది? జొన్నరొట్టె మీద గిన్నె బోర్లించినట్టుంది!

ఏడవటానికి టైమేదీ, మిరప కల్లానికి పోవాలి. తలగుడ్డ కనుబొమల దాకా లాక్కుని రోజంతా తాలుకాయలు ఏరా. (అంటే ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డవి తీసెయ్యటం.) ఆ పని చేసిన చేతులు ఎంత కడిగినా ఘాటు పోదు. అందుకే ఆడవాళ్ళెవరూ చేత్తో మొహం ముట్టుకోరు, దురదేస్తే మోచేత్తో రుద్దుకుంటారు. నాకూ తెలుసు. కానీ ముంగురులు కొత్తగదా! సాయంత్రం అట్నుంచి అటే చర్చిలో కూటానికి పోయాం. వోణీ ముసుగేసుకుని కూర్చున్నానా, పాస్టరుగారు పశ్చాత్తాపం గురించి చెబుతుంటే జుట్టు కళ్ళల్లో పడింది. చేత్తో తోశా. ఇంకోసారి తోశా. అంతే! కళ్ళు భగ్గుమన్నాయి, నీళ్ళు ధారగా కారినయ్యి.

"చూశారా, ఈ బిడ్డ హృదయం కరిగింది!" అన్నారు పాస్టరుగారు. అందరూ "స్తోత్రం" అన్నారు. అద్దం వదిలి ఎప్పుడు దేవుడి దారికొస్తానా అని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసిన అమ్మ, పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ అమ్మ కళ్ళు తుడిచా. "వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటావా?" అని ఆయన అడిగితే తలూపా. (ఇది రాస్తుంటే నీకు నవ్వొస్తుందేమో, నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.) ఆ వారమంతా ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ "మీ పిల్ల మారిందంటగా" అనేవాళ్ళు. అమ్మ నవ్వి ఊరుకునేది. నేను తలగుడ్డ తియ్యలేదు, నోరు తెరవలేదు.

ఆదివారం పొద్దున అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలగుడ్డ లాగేసింది. కొబ్బరినూనె రాసి, ముంగురులు వెనక్కి దువ్వి, రెండు చెంపపిన్నులు పెట్టింది.

"నీకు తెలుసా అమ్మా?"

"మొన్న ఏ చేత్తో నా కళ్ళు తుడిచావే? ఇంటికొచ్చిందాకా మండినయ్యి."

"మరి అందరి ముందూ ఎందుకూరుకున్నావు?"

"అన్నేళ్ళు ప్రార్థన చేశా, వచ్చిన ఏడుపుని వదులుకోబుద్ధి కాలేదు. నువ్వే చెబుతావని వారం రోజులు చూశా."

బాప్తిస్మానికి నీళ్ళల్లో ముంచే కాలవ గట్టున, అందరి ముందూ పాస్టరుగారికి చెప్పేశా, అవి మిరపకాయ కన్నీళ్ళని. మా మేనత్త నోరు నొక్కుకుంది. ఆయన, "నిజంగా రావాలనిపించినప్పుడు రామ్మా" అన్నారు. ఆ రోజు కళ్ళల్లో నీళ్ళకి ఏ ఘాటూ అక్కర్లేకపోయింది.

తడవని బట్టల్తోనే ఇంటికి నడిచాం. సగం దారిలో అమ్మ నా మొహం వంక చూసి, "ఆ జుట్టు నీకు బాగానే ఉందిలేవే" అంది. నాకు తెలిసి మా అమ్మ ఆడిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు ఉన్న నాలుగు తెల్ల వెంట్రుకలూ వెనక్కే దువ్వుకుంటున్నా. జొన్నరొట్టె జొన్నరొట్టెలాగే ఉంది. అయినా అమ్మ అన్న ఆ మాట గుర్తొచ్చినప్పుడు, అద్దం ముందు కాస్త పక్కకి తిరిగి చూసుకుంటా.