బయటివాళ్ళ చేతి నీళ్ళు

మా వదిన నాకంటే మంచి అథ్లెట్. ఇది ముందే చెప్పేస్తే నాకు పని తేలిక. ఈతలో నేను ఒక నిమిషం ముందు ఒడ్డెక్కుతాను. సైకిలు మీద ఆ నిమిషం కరిగిపోతుంది. పరుగులో ఇక ఆమె వీపు చూసుకుంటూ పోవడమే నా బతుకు. పన్నెండేళ్ళు చూశాను ఆ వీపు. ఏ పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా చెప్పగలను. అంతకాలం ఒకే వీపు చూస్తే ప్రేమ పుడుతుందని ఎవరైనా అంటే వాళ్ళు ఎప్పుడూ రెండో స్థానంలో రాలేదని అర్థం.

వదిన అంటే మా మేనమామ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య మూడు సందులు. మామయ్యా మా నాన్నా ఇద్దరూ రైల్వే వర్క్‌షాపులోనే. నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు, ఆమెను తెలుగు మీడియంలో. ఆ ఒక్క తేడా తప్ప ఇద్దరం ఒకే కంచంలో తిన్నట్టే పెరిగాం. రైల్వే వాళ్ళ ఈతకొలనులో కలిసి మునిగాం, ఒకే పాత సైకిలును వంతులేసుకుని తొక్కాం. ట్రయాథ్లాన్ అంటే ముందు ఈత, ఒళ్ళు ఆరకముందే సైకిలు, అది దిగీ దిగగానే పరుగు. మా అమ్మ దీనికి మూడు చావుల ఆట అని పేరు పెట్టింది.

రెండేళ్ళ క్రితం కలకత్తా నుంచి ఒక కంపెనీ వచ్చింది. ప్రొఫెషనల్ జట్టు కడుతున్నారట. మా ఊళ్ళో ఒక పోటీ పెడతారు, ఆడవాళ్ళలో మొదట వచ్చిన ఒక్కరికి జట్టులో చోటు, రెండేళ్ళ కాంట్రాక్టు. ఒక్కరికే. వదినకు అప్పటికి ఇరవై తొమ్మిది. ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పేది. సాధన కోసం సెలవు అడిగితే హెడ్‌మిస్ట్రెస్ పరుగో ఉద్యోగమో తేల్చుకోమంది. వదిన ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చి మా ఇంటికొచ్చి అమ్మ చేత ఉల్లిపాయ పకోడీ వేయించుకుని తింది. ఈసారి తప్పితే తనకు ఇంకోసారి లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నాకు ఇంకా రెండేళ్ళు చేతిలో ఉన్నాయని కూడా ఇద్దరికీ తెలుసు.

పార్ట్‌నర్ అనే మాట అప్పటిదాకా మేం క్యారమ్స్ ఆడేటప్పుడే విన్నాం. ఈ కంపెనీ వచ్చాక ఊళ్ళో కనపడిన ప్రతివాడూ పార్ట్‌నరే. బూట్ల పార్ట్‌నరు, సైకిళ్ళ పార్ట్‌నరు, చివరికి ఖరిదా బజారులో పెళ్ళిళ్ళకు షామియానాలు వేసేవాడు కూడా టెంటు పార్ట్‌నర్ అని బోర్డు రాయించుకున్నాడు. అందరికంటే పెద్ద పార్ట్‌నరు ఒక డ్రింకు కంపెనీ. నారింజ రంగు, తియ్యగా, ఉప్పగా, నాలిక మీద జిగటగా ఉంటుంది. నేను ఎలాగో మింగేదాన్ని. వదినకు పడదు. మొదటిసారి తాగి తొక్కినప్పుడు బైపాస్ పక్కన సైకిలు ఆపి కక్కేసింది.

అథ్లెట్ల ఇబ్బందులేవో మీలో ఒకరే వచ్చి చెప్పండి అని కంపెనీ కబురు పెడితే నన్ను పంపారు. ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ మూడూ వచ్చిన నోరు నాది. నాలుగు ఇబ్బందులు రాసుకుని వెళ్ళాను. బైపాస్ మీద గతుకులు పూడ్చాలి. ఈత చెరువులో గుర్రపుడెక్క తీయించాలి. బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్ళకు వేరే టెంటు కావాలి. పరుగు దారిలో మామూలు మంచినీళ్ళు పెట్టాలి. నాలుగోది వదిన కోసం రాసింది. రాసినప్పుడు నిజంగానే ఆమె కోసమే రాశాను.

కంపెనీ తరఫున మాట్లాడే బెంగాలీ అన్న, మేమంతా దాదా అనేవాళ్ళం, మొదటి మూడింటికీ తలూపాడు. మంచినీళ్ళ దగ్గర మాత్రం పెన్ను కింద పెట్టాడు. పార్ట్‌నర్‌తో ఒప్పందం అలాంటిదట. దారి పొడవునా వాళ్ళ సరుకు తప్ప ఇంకొక చుక్క కెమెరాకు కనపడకూడదు. సైకిలుకు పెట్టుకునే సీసాలు కూడా వాళ్ళే నింపి ఇస్తారు. ఈ సంగతులు అర్థం చేసుకునే అథ్లెట్లే జట్టుకు కావాలి, నీలాంటివాళ్ళు, అన్నాడు. అంతే. నేను కాగితం మీద నాలుగో లైను కొట్టేసి సంతకం పెట్టాను. బయటికొచ్చి, ఎంతో బతిమాలాను, కుదరదన్నారు అని చెప్పాను. నిజానికి రెండోసారి అడగనే లేదు. వదిన నా భుజం తట్టి, నువ్వు మాత్రం ఏటి సేస్తావులే అంది.

పోటీకి ముందు రోజు మధ్యాహ్నం రూల్స్ చెప్పారు. రిఫరీ చెన్నై వైపు మనిషి, ఇంగ్లీషు తప్ప ఇక్కడి భాషలేవీ రావు. గడగడా చదివేశాడు. మా తెలుగు పిల్లలకు నేను వెనక కూర్చుని చెప్పాను. కంపెనీ బల్లల దగ్గర తప్ప దారిలో ఏ మనిషి చేతి నుంచీ ఏదీ తీసుకోకూడదు, కన్నతండ్రి ఇచ్చినా సరే, తీసుకుంటే పోటీలోంచి తీసేస్తారు. ఆ రూలు ఇది. నేను తెలుగులో చెప్పింది, బయటివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు అని. తొందరలో వచ్చిన మాట. అందులో దురుద్దేశం ఏమీ లేదు.

దురుద్దేశం గంట తర్వాత వచ్చింది. ఇంటికి నడుస్తూ వదిన నవ్వింది. "బయటోళ్ళ సేతిది మనమెప్పుడు తాగినాం? మనకి అత్త ఉంది కదా" అంది. మా అమ్మ ఏటా వేసవిలో క్వార్టరు ముందు చలివేంద్రం పెడుతుంది. తడిగుడ్డ చుట్టిన కుండ, మూత, రెండు స్టీలు గ్లాసులు, అంతే. రిక్షా దాదా నుంచి పోస్టుమ్యాన్ దాకా దారిన పోయే ఎవరికైనా ఇస్తుంది. పరుగు దారి సరిగ్గా మా క్వార్టరు ముందునుంచే. వదిన ఏ అర్థంలో విన్నదో నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. అత్త బయటి మనిషి కాదు కదా. దిద్దడానికి ఒక్క మాట చాలు. నేనూ నవ్వాను, ఎండ గురించి ఏదో అన్నాను.

ఇంట్లో అమ్మ ఇంకో కుండ కడుగుతోంది. రేపు పిల్లలు పరిగెత్తి వస్తారు, ఒకటి చాలదని. నాకు ఇవ్వకు అమ్మా అన్నాను. ఎందుకని అడిగింది. నాకొద్దులే అన్నాను. ఎవరికీ ఇవ్వకు అనలేదు. నాకు అన్నాను. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది, అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాపం మా అమ్మ ఏం పడుతుంది.

ఏప్రిల్ ఎండ. పార్ట్‌నర్ గారి అతిథులు లేచి ఫలహారాలు చేసి వచ్చేసరికి పోటీ ఆలస్యమైంది. పరుగు మొదలయ్యేటప్పటికి తారు మెత్తబడుతోంది. మా సందు మొదట్లో వదిన నాకు యాభై గజాల ముందుంది. మామూలుగా అయితే ఆ పాటికి కనపడకుండా పోవాలి. కంపెనీ బల్ల దగ్గర ఆ నారింజ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేయడం చూశాను. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. కాళ్ళు వంకరగా పడుతున్నాయి. ఆగిపోతుందని అనుకున్నాను. ఆగిపో, ఆగిపో అని లోపల అంటున్నాను కూడా. సిగ్గేం లేదు చెప్పడానికి, అన్నాను.

అమ్మ గ్లాసు పట్టుకుని రోడ్డు మధ్యకే వచ్చేసింది. వదిన ఆగి ఒక గ్లాసు గటగటా తాగింది, రెండోది నెత్తిన గుమ్మరించుకుంది. అమ్మ చీర కొంగుతో ఆమె మొహం తుడిచింది. ఆ తర్వాత వదిన పరుగు మళ్ళీ వదిన పరుగే. నేను దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఇంకో గ్లాసు ముంచి చెయ్యి చాచింది. నా మాట గుర్తొచ్చి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను చూడనట్టు పోయాను.

వదిన నాకంటే నిమిషమున్నర ముందు గీత దాటింది. మామయ్య ఆమెను ఎత్తుకుని తిప్పాడు. నేను టెంటులో కూలబడి బూట్లు విప్పుకుంటుంటే దాదా వచ్చి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. వాళ్ళ ఫొటోగ్రాఫర్ తీసిందే. వదిన నోటి దగ్గర స్టీలు గ్లాసు. పార్ట్‌నర్ మండిపడుతున్నాడట, కోట్లు పోసి పెట్టించిన పోటీలో గెలిచినామె కుండ నీళ్ళు తాగుతోందని. కానీ ఫొటో ఉంటే చాలదు, అథ్లెట్లలో ఎవరో ఒకరు రాసిచ్చి అభ్యంతరం చెప్పాలి. నువ్వు అందరి తరఫునా వచ్చేదానివి కదా, ఇదీ అథ్లెట్ల ఇబ్బందే అన్నాడు. నేను మంచినీళ్ళు అడగడానికి రాసిన కాగితం లాంటిదే ఇంకో కాగితం ఇచ్చాడు. పేరు, కారణం, సంతకం. నీట్‌గా రాశాను.

రిఫరీ మంచివాడు. విచారించకుండా తేల్చనన్నాడు, నీళ్ళిచ్చినామెను పిలిపించమన్నాడు. అమ్మ వచ్చింది. తడి చేతులు తుడుచుకుంటూ, కొత్త చీర కట్టుకోవాల్సిందేమో అని నా చెవిలో అంటూ వచ్చింది. పిలిచింది మెచ్చుకోవడానికని అనుకుంది. ఈ అమ్మాయికి నీళ్ళిచ్చారా అని రిఫరీ ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగులో అడిగాను. అమ్మ నిటారుగా నిలబడింది.

"ఇచ్చినాను. రెండు గ్లాసులు. ఒకటి తాగినాది, ఒకటి నెత్తిన పోసుకున్నాది. నోరెండి వొచ్చిన పిల్లకి ఇయ్యకపోతే అదేటి బతుకు?"

మొదటి మూడు మాటలు ఇంగ్లీషులో చెప్పాను. రిఫరీ రాసుకున్నాడు. చివరి మాట అనువాదం చేయలేదు, ఆయన అడగలేదు. అమ్మ ఆయనకు నమస్కారం పెట్టి, రోజూ పెడతాను బాబూ, నాకేటీ కష్టం నేదు అని కూడా అంది.

వదిన అప్పుడే అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. నా మోచెయ్యి పట్టుకుంది. "బయటోళ్ళనే కదా సెప్పినావు? మా అత్త బయట మనిషేటి? ఆయనకి సెప్పు" అంది. చెప్పాను. నీళ్ళిచ్చింది తన మేనత్తేనని ఒప్పుకుంటోంది అని చెప్పాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. రిఫరీ తల అడ్డంగా ఊపుతూ వదినను పోటీలోంచి తీసేసినట్టు కాగితం మీద రాశాడు. అదీ ఎంతసేపు పట్టింది? పది నిమిషాలు. నేను కంపెనీ ముందు పెట్టిన ఇబ్బందులన్నిటిలోనూ అంత చప్పున తీరింది అదొక్కటే.

బయట మామయ్య ఇంకా అందరికీ రసగుల్లాలు పంచుతున్నాడు. వదిన ఏడవలేదు. "మరదలా, సరిగ్గానే సెప్పినావు కదా ఆయనకి?" అని అడిగింది. సరిగ్గానే చెప్పానన్నాను. అయితే రూలే అలగ ఉందన్నమాట అంది. ఆ మాటతో నన్ను నమ్మేసింది. తిట్టినా బాగుండేది.

చోటు నాకొచ్చింది. నారింజ సీసా పట్టుకుని నేను నవ్వుతున్న అట్టబొమ్మ ఖరిదా బజారులో ఏడాది పాటు నిలబడింది. దానికెదురుగా ఉన్న బట్టల కొట్లో వదిన చీరలు మడతపెడుతోంది. బడివాళ్ళు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమె మళ్ళీ పరిగెత్తలేదు. మామయ్య మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. కూతురి బతుకు పోగొట్టిన చెల్లెలి చేతి నీళ్ళు తాగనని సందులో నలుగురి ముందూ అన్నాడట.

ఆ మాట విన్నరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "నా సేతి నీళ్ళ వల్లేనా?" అని అడిగింది. కాదమ్మా, నా సంతకం వల్ల అనాలి. నోటిదాకా వచ్చింది. అవునమ్మా, రూలు అది అన్నాను. అమ్మ సరే అని తలూపి పొయ్యి వైపు తిరిగింది. ఆ తలూపడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

అమ్మ చలివేంద్రం మానలేదు. కానీ ఇప్పుడు గ్లాసు నింపి వెంటనే ఇవ్వదు. గుండెకి ఆనించుకుని ముందు అడుగుతుంది. రిక్షా దాదాని బెంగాలీలో, పోస్టుమ్యాన్‌ని హిందీలో, మనవాళ్ళని తెలుగులో. నా చేతిది తాగితే నీకేమీ పోదు కదా అని. వాళ్ళు ముసలామెకు మతి తప్పిందనుకుని నవ్వి తాగి పోతారు.

మొన్న ఏప్రిల్లో సీజన్ ముగించుకుని ఇంటికొచ్చాను. స్టేషన్ నుంచి ఎండలో నడిచి వచ్చేసరికి గొంతు పిడచకట్టింది. అమ్మ గ్లాసుతో ఎదురొచ్చి గడప దగ్గర ఆగిపోయింది. సందులో అటూ ఇటూ చూసింది.

"తాగితే నీకేటీ పోదు కదమ్మా?"

పోదన్నాను. ఇచ్చింది. నేను తాగుతుంటే పక్కనే నిలబడి, "ఆ రోజు దాన్ని కూడా ఇలగ అడిగుంటే సరిపోయేది. నాదే బుద్ధితక్కువ" అంది.

నేను గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు ఇవ్వమ్మా అన్నాను.