తలుపుల టోస్టరు

మా మామకు చక్కెర జబ్బని బయటపడిన ఏడు మా ఇంటికి టోస్టరు వచ్చింది. అరవైల చివరి మాట. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు గాలి ఇంట్లోకి వచ్చే పల్లె మాది. వీధికి కరెంటు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. బల్బులు, ఒక రేడియో తప్ప కరెంటుతో మాకు వేరే పని లేదు.

మామ మొలగొలుకుల వడ్లు పండించే రైతు. నారుమడిలో విత్తనం చల్లడం ప్రతి ఏడూ ఆయన చేతి మీదే జరగాలి. పెద్దవాడై మిగతా పనులన్నీ మా ఆయనకు వదిలేసినా, ఆ ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అలాంటి మనిషికి కుడి మడమ పైన పుండు లేచి, ఎంతకీ మానకపోతే నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరు చక్కెర ఉందన్నాడు. రాత్రిపూట అన్నం మానేసి, బాగా కాల్చిన బ్రెడ్డు పాలు తీసుకోమన్నాడు. పుండు మూసుకునేదాకా బురదలో కాలు పెట్టొద్దన్నాడు. ఆయన చెప్పినవన్నీ నేను విన్నాను. మామ చివరిది ఒక్కటే విన్నాడు.

తిరుగు బస్సులో నన్ను ఒకటే అడిగాడు. "కాలవకి నీళ్లొచ్చేదానికి ఇంకా ఎన్నాళ్లుండాది?"

"రెండు నెల్లు ఉండాది మామా."

"మూసుకుంటుందా?"

"బ్రెడ్డు తింటే మూసుకుంటుంది," అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, దారి పక్క మడులు చూస్తూ కూర్చున్నాడు.

నన్ను అడగడానికి కారణం ఉంది. మా ఇంట్లో లెక్కలు నావి. బడిలో నేర్చుకున్నవి కావు, నేను బడికి పోయింది తక్కువ. చిన్నప్పుడు కల్లంలో వడ్లు కొలుస్తూ కుంచాలు ఎత్తేవాడు గొంతెత్తి లెక్క పాడుతుంటే, దాన్ని మనసులో తూములకూ పుట్లకూ మార్చుకోవడం నాకొక ఆట. పెళ్లయ్యాక పిల్లలు చదివి మూసేసిన పుస్తకాలు నేను తెరిచేదాన్ని. వాళ్ల సైన్సు పుస్తకంలో కరెంటు పాఠం కూడా అలాగే చదివాను. ఎక్కడ ఏది ఎంత కావాలన్నా మామ మా ఆయన్ని దాటి నా వైపు చూసేవాడు. అత్త పోయాక ఆ అలవాటు ఇంకా ఎక్కువైంది.

మా వైపు బ్రెడ్డంటే జ్వరం. జ్వరం వచ్చినవాళ్లకు పాలలో ముంచి పెట్టేది తప్ప, ఆకలేసినవాళ్లు తినేది కాదు. ఒకరి చేతిలో బ్రెడ్డు పొట్లం కనిపిస్తే ఎవరికి బాలేదని అడగడం మర్యాద. మామ కష్టం నాకు తెలుసు. చుట్టూ పొలాలన్నీ తన విత్తనాలతో పండుతుంటే, రాత్రి కంచం ముందు జ్వరపు తిండి పెట్టుకుని కూర్చోవాలి. పోనీ గోధుమ రొట్టె చేద్దామంటే, చెప్పు తోలు నమిలినట్టుందని ఒక్క పూటకే పక్కన పెట్టేశాడు.

బ్రెడ్డు అట్లపెనం మీద కాల్చాను. నడుమ మాడి, అంచులు పచ్చిగా ఉన్నాయి. కుంపటి మీద ఇనుప జల్లెడ పెట్టి కాల్చాను. పొగ వాసన. వత్తుల స్టవ్వు మీద కాలిస్తే కిరసనాయిలు వాసన. ప్రతిసారీ ఆయన ఒక ముక్క కొరికి, కింద పెట్టి, సున్నం గోడ నాకినట్టుందనో మరొకటో అని లేచేవాడు. ఆ తర్వాత ఇల్లు సద్దుమణిగాక వంటింట్లోకి పోయి, పొద్దుటికని ఉంచిన అన్నంలో చెయ్యి పెట్టేవాడు. నాకెలా తెలుసంటే, అన్నం గిన్నెను గరిటె వీపుతో సమంగా అదిమి పెట్టేదాన్ని. పొద్దున చూస్తే ఒక మూల గొయ్యి ఉండేది. అడిగితే, పిల్లి తినుంటుందన్నాడు. మూత పెట్టి, పైన సన్నికల్లు పొత్రం బరువు పెట్టిన గిన్నె అది. అంత బలమైన పిల్లి మా వీధిలో లేదు.

పుండు శనగ గింజంత ఉండింది. పది రోజుల తర్వాతా శనగ గింజంతే. అప్పుడే మా ఆయన టోస్టరు మాట తెచ్చాడు. నెల్లూరులో ఒక కొట్టు కిటికీలో చూశాడట. నేను సరేనన్నాను గానీ, చూడకుండా కొననన్నాను. కోటలో కొన్న బ్రెడ్డును ఇంట్లో కత్తిపీట మీద కోసి, తడి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఏ గిన్నె కొన్నా మన బియ్యం కొలిచి కొంటాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. బస్సులో పక్కన కూర్చున్నామె సంచిలోకి తొంగి చూసి, ఎవరికమ్మా జ్వరం అని అడిగి, దిగేలోపు రెండు కషాయాలు చెప్పింది.

కొట్టతను రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నున్నగా మెరుస్తూ, పైన రెండు చీలికలు, పక్కన మీట. రెండోది రేకు పెట్టె లాంటిది. దానికి రెండు వైపులా కిందికి దిగే చిన్న తలుపులు, నడుమ తీగలు. మా ఆయన కళ్లు మొదటిదాని మీదే ఉన్నాయి.

"ఇది ఆటోమేటిక్ అమ్మా," అన్నాడు కొట్టతను. "మీట నొక్కి మీ పని మీరు చూసుకోవచ్చు. కాలినాక అదే పైకి లేస్తుంది."

"కాలిందని దానికెట్టా తెలుస్తుంది?"

"లోపల గడియారం మాదిరి ఒకటి ఉంటుంది."

"అయితే దానికి టైము తెలుస్తుంది. కాలింది లేంది తెలీదు," అన్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను లెక్క చెప్పాను. మా వీధి లైనుకు చివర. దీపాలు పెట్టే వేళకు బల్బులో తీగ పండు మిరపకాయలా కనిపిస్తుందే గానీ వెలుతురు రాదు. వోల్టేజీ పావు వంతు తగ్గితే వేడి పావు వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు సగానికి పడిపోతుంది. గడియారం మాత్రం తన టైముకు తాను బ్రెడ్డును పైకి నెట్టేస్తుంది. మామ బ్రెడ్డు తినేది సరిగ్గా ఆ వేళకే. తెల్లగా పోయింది తెల్లగా పైకి లేస్తుంది. కొట్టతను మీ ఊరి కరెంటు సంగతి నాకెట్టా తెలుస్తుందమ్మా అన్నాడు, మర్యాదగానే. నాకు తెలుసు కదా అని సంచి విప్పాను.

బ్రెడ్డు చూసి కొట్టతను కూడా, ఇంట్లో ఎవరికి బాలేదని అడిగాడు.

కత్తిపీట మీద బ్రెడ్డు కోస్తే ఏమవుతుందో చెప్పాలి. కాలితో పీట తొక్కిపట్టి, వంకాయ కోసినట్టే, రెండు చేతులతో బ్రెడ్డును కత్తి మీదికి తోస్తాం. మెత్తటిది కాబట్టి అణిగిపోయి, ముక్క ఒక అంచున అట్టలా పలచగా, రెండో అంచున పీట చెక్కలా మందంగా తెగుతుంది. మా ఊళ్లో అందరి ఇళ్లలో బ్రెడ్డు ముక్క ఆకారం అదే. ముక్కకు వేరే ఆకారం ఉంటుందని మాకు తెలియదు. కొట్టతను దాన్ని చీలికలోకి దింపబోతే మందపు అంచు పట్టలేదు. బొటనవేలితో కుక్కి మీట నొక్కాడు. కాసేపటికి మీట టక్కుమని లేచింది గానీ, పైకి వచ్చింది పలచటి సగమే. మిగతాది లోపలే ఇరుక్కుని పొగలు మొదలుపెట్టింది. ప్లగ్గు పీకి, దాన్ని తిరగేసి తట్టి, చివరకు స్క్రూడ్రైవరుతో తవ్వితే మసి ముక్కలు బల్లంతా రాలాయి.

"మా ఇంటి కత్తిపీటకి తగిన మిషను ఇంకా పుట్టలేదులే అన్నా," అన్నాడు మా ఆయన. కొట్టతనికి నవ్వాలో వద్దో తెలియలేదు.

తలుపుల టోస్టరులో అదే ముక్క ఏ పేచీ లేకుండా ఆనుకుని కూర్చుంది. ఒక వైపు కాలాక తలుపు దించితే ముక్క దానంతట అది జారి, రెండో ముఖం తీగల వైపు తిరుగుతుంది. తీగ ఎంత మసకగా వెలిగినా మనిషి ఓపిక పడితే చాలు. వాట్లు అడిగి, మా ఇంటి ఐదు ఆంపియర్ల ఫ్యూజులో బల్బులూ రేడియో పోను మిగిలేది లెక్కేసుకున్నాను. సరిపోతుంది. మా ఆయన మెరిసేదాన్ని ఇంకోసారి నిమిరి, తలుపులదాన్ని మోసుకొచ్చాడు.

అన్నీ లెక్కేశాను గానీ, ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడ్డాక తెలిసింది, అక్కడ ప్లగ్గు లేదని. ఇల్లంతటికీ ఒకే ప్లగ్గు, వసారాలో, రేడియోకు పెట్టించింది. వైరింగు అతనికి కబురు పెడితే రేపు వస్తానన్నాడు. ఆ రేపు ఆ ఏడు రాలేదు. వంటింటికని కొన్న టోస్టరు వసారాలో, మామ మంచం పక్కన, స్టూలు మీద కూర్చుంది. వీధిలో పోయే అందరికీ కనిపించేలా.

మొదటి సాయంత్రమే ఎదురింటి అక్క మెట్ల దగ్గర ఆగింది. నేను బ్రెడ్డు ముక్కలున్న కంచంతో గడపలో ఉన్నాను. ఎవరికి బాలేదని ఆమె అడిగింది. మామ తడుముకోలేదు.

"మా కోడలికి. నాలుగు రోజుల్నించి నలతగా ఉండాది."

నేను ఆయన వైపు చూశాను. ఆయన రేడియో వైపు చూస్తున్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను గానీ, పుండున్న కాలిని ఆయన పంచె కిందికి లాక్కోవడం కనిపించి మూసుకున్నాను. మామ మంచాన పడ్డాడని ఊళ్లో మాట పుడితే, నారుమడి సంగతి వచ్చేసరికి పదిమందీ పది సలహాలు చెబుతారు. అది ఆయనకు పుండుకన్నా పెద్ద నొప్పి.

మర్నాటి నుంచి పరామర్శలు. ఒకరు బత్తాయిలు, ఒకరు మిరియాల కషాయం. ఎదురింటి అక్క పొయ్యి దగ్గర్నించి లేచి వచ్చిన నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "కాలతా ఉంది గదమే. గమ్మున పడుకోబళ్లా," అని మందలించింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నా వయసు గుర్తుచేసుకుంటూ, ఇంకేదైనా విశేషమా అని గుసగుసలాడారు. మా ఆయన వారం రోజులు ఇంట్లో నవ్వాపుకోలేక పెరట్లోకి పోయేవాడు.

దీంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, దీపాలు పెట్టే వేళ అందరి ముందూ బ్రెడ్డు నేను తినాలి. మూడో రోజో నాలుగో రోజో, చూడవచ్చినవాళ్లు వెళ్లాక నేను వసారాలో కూర్చుని ముక్క కాలుస్తున్నాను. తీగలు ఎర్రబడీ ఎర్రబడనట్టున్నాయి. ఎంతకీ రంగు రాకపోతే విసుగొచ్చి తలుపు దించబోయాను.

"తియ్యబాక," అన్నాడు మామ మంచం మీద నుంచి. "పచ్చి వాసన ఇంకా పోలా."

నేను చెయ్యి తీశాను. ఆయన లేచి కూర్చుని స్టూలు తన వైపు లాక్కున్నాడు. ముక్కు తలుపు దగ్గరికి తెచ్చి వాసన చూశాడు. నానేసిన వడ్లు మొలక కట్టాయో లేదో గోనెసంచిలో చెయ్యి దూర్చి చూసేవాడే, అదే ముఖం. చాలాసేపటికి తలుపు దించాడు. ముక్క జారి తిరిగింది. మళ్లీ కాచుకున్నాడు. బయటికి తీసినప్పుడు రెండు వైపులా ఒకే రంగు, గింజ పాలుపోసుకుని పండిన వరి వెన్ను రంగు. పలచటి అంచు కరకరలాడుతోంది.

ఇది నీది, తిను అన్నాడు. సగం విరిచి, ఆయన కాల్చిన దాన్ని ఆయనే రుచి చూడాలన్నాను. నమిలాడు. ఇంకో ముక్క తీసి తలుపు మూశాడు.

నేను చీలికల టోస్టరు వద్దన్నది కరెంటు లెక్కతో. ఒకరు కాల్చి పెట్టింది తినడం మామకు రోగం, తాను కాల్చుకున్నది తినడం భోజనం అన్నది నా లెక్కలో లేదు. అది దానంతట అది జరిగింది. ఆ రాత్రి నుంచి ఆయన కాల్చేవాడు, ఇద్దరం తినేవాళ్లం. మరో వారానికి మా ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. పొద్దున గిన్నె తెరిస్తే అన్నం నేను అదిమినట్టే ఉండేది.

పుండు కంది గింజంత అయింది. తర్వాత పెసర గింజంత.

కాలవకు నీళ్లు నా లెక్కకన్నా వారం ముందే వచ్చాయి. మా ఆయన నారుమడి నీళ్లు కట్టి దున్ని దమ్ము చేయించాడు. విత్తనాలు నానబెట్టి, మొలకెత్తడానికి సంచుల్లో మండె కట్టేశారు. మొలకలొస్తే ఆపడానికి లేదు. మామను నెల్లూరు తీసుకెళ్తే డాక్టరు పుండు మీద పొర పట్టిందన్నాడు, ఇంకో రెండు రోజులు పొడిగా ఉంటే దిగొచ్చన్నాడు, దిగి వచ్చిన వెంటనే కాలు కడిగి తుడుచుకోవాలన్నాడు. మండె విప్పే పొద్దుటికి ఆ రెండు రోజులు పూర్తయ్యాయి. మామ వసారాలో కూర్చుని కాలు నా ముందుకు చాపాడు.

"చూసి చెప్పు. పొమ్మంటే పోతా. లేదంటే గట్టు మీద కూచుంటా."

మా ఆయన పక్కనే ఉన్నా, ఆయన్ని అడగలేదు. నేను దూది పెట్టి చుట్టూ మెల్లగా నొక్కాను. తడి లేదు. ఉల్లిపాయ పొరలాంటి చర్మం, కింద ఎరుపు. ఇంకోసారి నొక్కాను. దూది తెల్లగానే ఉంది.

"పో మామా. రాగానే నీళ్లు నేను పోస్తా."

ఆయన దిగుతుంటే నేను గట్టు మీద చెంబు పట్టుకుని నిలబడ్డాను. కాలు మోపడం కొంచెం నెమ్మదిగా ఉంది, చేయి మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎడమ చంకన బుట్ట, కుడి చేత్తో ఒక్కో పిడికిలి. గింజలు చినుకుల్లా సమంగా పడుతున్నాయి. మడి చివరి మూలదాకా వెళ్లి, వెనక్కి చూసుకుని, ఒక చోట పలచగా అనిపిస్తే పోయి సరిచేసి వచ్చాడు. గట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగి, పొడి గుడ్డతో ఒత్తాను. గుడ్డ మీద బురద తప్ప మరేమీ లేదు.

ఆ సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలీ వానా వచ్చి కరెంటు పోయింది. టోస్టరు చల్లగా స్టూలు మీద ఉంది. నేను పులుసు కాచి, మామ కంచంలో చిన్న గరిటెడు అన్నం పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, చెయ్యి కంచం పక్కనే పెట్టుకున్నాడు.

"ఇది లెక్కలో ఉండాదా?"

"ఈ పూటకి ఉండాది."

ఒక్కో మెతుకూ కలిపి తిన్నాడు. కంచం తుడిచినట్టయ్యాక, కరెంటు ఎప్పుడొస్తుందట, లైన్‌మను ఏమన్నా చెప్పాడా అని మా ఆయన్ని అడిగాడు.