రెండు డిస్కులకూ కుంకుమ

మొన్న నల్లగండ్లలో మా మరిది తన కూతురి ఫ్లాటులో ఒక కొత్త పెట్టె బిగిస్తుంటే చూడడానికి వెళ్లాను. అందులో డిస్కులు ఒకదాని పక్కన ఒకటి, అలమారలో పుస్తకాల్లా నిలబడి ఉన్నాయి. ఏ గదిలో టీవీ పెట్టినా సినిమాలూ పాటలూ పెళ్లి వీడియోలూ అందులోంచే వస్తాయట. "ఇగ జాగ చాలదన్న ఫికరే లేదు వదినా, నీకేం పెట్టాల్నో చెప్పు," అన్నాడు. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదన్నాను. అతను స్క్రూలు బిగించడంలో పడిపోయాడు. ఎందుకలా తల దించుకున్నాడో, అతను కాక అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

హైటెక్ సిటీలో మొదటి పెద్ద భవనాలు లేస్తున్న రోజులవి. పాలమూరు నుంచి వచ్చిన మేము హఫీజ్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయనది తాపీ పని, నాది తట్ట మోసే పని. సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దడం అప్పుడే మొదలుపెట్టాను. మరిది కంప్యూటర్ల దుకాణంలో మెకానిక్కు. అక్కడ పనికిరావని పక్కన పడేసిన భాగాలన్నీ తెచ్చి ఇంట్లో ఒక మిషను తయారుచేశాడు. దానికి మూత లేదు, లోపలి పేగులన్నీ కనిపించేవి. బట్టలు ఆరేసే తీగ వెంబడి వైరు లాగి ఒక స్పీకరు మా వంటింట్లో, ఇంకొకటి పక్కింటి వరండాలో పెట్టాడు. పక్కింటావిడ గుంటూరు వైపు మనిషి. "ఏమండీ, పొద్దున్నే డాన్సు పాటలేంటండీ, కాస్త దేవుడి పాటలు పెట్టించండి," అని గోడ మీంచి అడిగేది. క్యాసెట్లన్నీ ఆ మిషనులోకి ఎక్కించి, చివరికి డిస్కులో జాగా లేదని తల పట్టుకునేవాడు మరిది. ఇంట్లో మనుషులు పడుకోవడానికే జాగా లేదు, ఇతని బాధ ఇదీ అనుకునేదాన్ని.

మాతోనే ఉండే మా అత్త, ఊళ్లో నాట్లు వేసేటప్పుడు పాడితే మడిలో ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. నాకు ఆమె మీద పెద్ద ప్రేమేమీ లేదు, ఉన్నమాటే రాస్తున్నాను. ఆ గొంతుతోనే నన్ను తిట్టేది కూడా. ఆ ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మనిషి మిగులుతుంది గాని మాట మిగలదని దవాఖానలో చెప్పారు. ఆపరేషన్‌కు ముందు మరిది ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాడు. ఆమె మడి అవతలి గట్టుకు వినిపించేలా ఎత్తుకుంది.

"అమ్మా, జర తగ్గించు, మైకు పగులుతది," అన్నాడు.

"తగ్గిస్తె అది పాట గాదురా, గుసగుస," అంది.

చివరికి మైకునే గడప అవతలికి జరిపాడు. ఆ పాటలతో డిస్కు నిండిపోయింది. వాటిని కుదించి పెడితే గొంతు సన్నబడుతుందని, రెండో డిస్కు తెచ్చాడు. అదే కంపెనీ, అదే సైజు.

అప్పటికి అత్త దవాఖాన నుంచి వచ్చేసింది. సాయంత్రమైతే మిషను పక్కన కూర్చుని తన పాట తానే వినేది. పెదవులు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు. దసరాకు మా ఇంట్లో పనిముట్లకు పూజ ఆమే చేసేది. తాపీ, నా తట్ట, కొత్త డిస్కు వరసగా పెట్టింది. తర్వాత మిషను వైపు చూపించి పళ్లెం మీద టకటకా కొట్టింది. పాతది ఏం పాపం చేసిందని అడుగుతోంది. "సరే తియ్, అది సుత పెడ్త," అని మరిది పాత డిస్కూ ఊడదీశాడు. రెండూ కలిసిపోకుండా పాతదాని మీద స్కెచ్ పెన్నుతో ఎర్ర చుక్క పెట్టాడు. అత్త రెండింటికీ తడి పసుపు రాసి, సరిగ్గా నడిమధ్యన కుంకుమ పెట్టింది.

మర్నాడు గుడ్డతో తుడిస్తే రెండింటి మీదా ఎర్ర మరకే. కాస్త మెరుస్తున్నదాన్ని కొత్తదనుకుని అతను మిషనుకు తగిలించి ఫార్మాట్ మొదలుపెట్టాడు. ఇల్లు కట్టే ముందు నేల చదును చేసినట్టన్న మాట. అన్నీ పోతాయి, సరేనా అని అది అడుగుతుంది. ఖాళీదానికీ అదే అడుగుతుంది కాబట్టి సరేనన్నాడు. అది అయ్యాక రెండోది తగిలించి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏందిరా, గట్ల కూసున్నవ్?" అన్నాడు మా ఆయన.

"అన్నా, కొత్తది ఇంకా కొత్తగనే ఉన్నది."

చెరిగిపోయిన పాతదాన్ని దుకాణానికి పట్టుకెళ్తే యజమాని పెదవి విరిచాడు. సాయంత్రం అత్త వచ్చి మిషను పక్కన కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ నేల చూస్తున్నారు. "మిషను ఖరాబైందే అమ్మా," అని మా ఆయన మొదలుపెట్టాడు. నాకు అబద్ధం నచ్చలేదు. "అత్తా, నీ పాటలు పోయినయి. మల్ల రావు," అన్నాను. ఆమె నా ముఖం చూసింది. మిషను మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత లేచి చాట తీసుకుని బియ్యం చెరిగింది. ఎవరమూ ఏడవలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆ రాత్రి అందరం మామూలుగానే తిన్నాం.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. సాయంత్రం ఆ చోటే కూర్చునేది. మరిది ఏ పాట పెట్టినా పెదవులు కదల్లేదు. ఆమె పోయాక నాకు గుర్తున్న పాటలు కాగితం మీద రాసి చూసుకున్నాను. మాటలు వచ్చాయి. పైకి చదివితే నా గొంతే వినిపించింది. కాలం ముందుగా ఆమె గొంతు పట్టుకుపోయింది. మాటలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వాటి కోసం కూడా అది వచ్చినప్పుడు నాకు తెలుస్తుందో లేదో.