నాలుగో నంబరు బటన్

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. కొండపల్లిలో మా ఇంటి వెనక పాడుబడిన గోడౌన్‌లో ఏదో ఉందని పిల్లలంతా హడలిపోతుంటే, మా నాన్నగారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లోపలంతా తిప్పి చూపించారు. గబ్బిలాలు తప్ప ఇంకేం లేవు. జిన్నులున్నాయని మా గ్రంథం చెబుతుంది, అది నేను కాదనను. కానీ అవి ఆఫీసులకొచ్చి కంప్యూటర్ల జోలికి పోతాయని మాత్రం ఎక్కడా చదవలేదు. అందుకే ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకీ, అప్పట్లో ఆఫీసులో ఒకరిద్దరికీ తప్ప ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నేను బడికి వెళ్ళలేదు. థర్మల్ స్టేషన్‌లో పనిచేసే నాన్నగారే డ్యూటీ నుంచి వచ్చాక కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు నేర్పారు. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. పెళ్ళయి భవానీపురం వచ్చాక మావారు కంప్యూటర్ కోర్సులో చేర్పించారు. అల్లాహ్ దయ, ఆ తర్వాత వాళ్ళిద్దరి దయ, విజయవాడలో ఒక బ్లడ్ బ్యాంకులో నాకు ఉద్యోగం దొరికింది. రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం.

మా గదిలో కంప్యూటర్లు మూడు. మానిటరు, కీబోర్డు, మౌస్ మాత్రం ఒక్కొక్కటే. మానిటరు పక్కన అరచేతంత స్విచ్ పెట్టె ఒకటి ఉండేది. దాని మీద నాలుగు బటన్లు, ఒక్కో బటన్ పైన చిన్న లైటు. ఒకటి నొక్కితే విజయవాడ పేషెంట్ల కంప్యూటర్ తెర మీదికొస్తుంది. రెండు నొక్కితే కంకిపాడు సెంటరుది. అక్కడి వివరాలు రోజూ సాయంత్రం బస్సులో ఫ్లాపీ మీద వచ్చేవి, రెండో దాంట్లో ఎక్కించేవాళ్ళం. మూడు నొక్కితే రక్తం నిల్వలు. నాలుగుకి ఏమీ తగిలించలేదు. అది నొక్కితే తెర నల్లబడిపోతుంది.

చిక్కల్లా ఒకటీ రెండూ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండటం. అదే ప్రోగ్రాం, అదే నీలం రంగు. పేరు కొడితే పేరూ, బ్లడ్ గ్రూపూ వస్తాయి, అంతే. ఒకదాంట్లో ఉన్నామనుకుని ఇంకోదాంట్లో కొడితే, అదే పేరున్న వేరే మనిషి గ్రూపు వస్తుంది.

దీనికి నా సీనియర్ సత్యవతి గారు ఒక పద్ధతి పెట్టారు. కుర్చీలోంచి లేచేవాళ్ళు ఎవరైనా సరే, నాలుగు నొక్కి లేవాలి. తర్వాత వచ్చి కూర్చున్నవాళ్ళకి నల్లటి తెర కనిపిస్తుంది. ఏ కంప్యూటర్ కావాలో ఆలోచించి నొక్కక తప్పదు. ఎవరైనా మర్చిపోతే ఆవిడ నోటికి జడిసేవాళ్ళం. "నీళ్ళ కుళాయి కట్టెయ్యడం తెలుసుగా మీ ఇంట్లో? ఇదీ అంతే!" అనేవారు.

నోరు అలా ఉన్నా మనసు మంచిది. నా నమాజు కోసం స్టోర్ రూములో ఒక మూల ఊడ్పించి చాప వేయించింది ఆవిడే. ఆవిడ శుక్రవారం శుక్రవారం వచ్చీ రాగానే కంప్యూటర్లన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టేవారు. ఆ స్విచ్ పెట్టెకి కూడా.

అదీ శుక్రవారమే. బొట్లు పెట్టి ఇంకా చెయ్యి కడుక్కోలేదు, అల్లుడు రమేష్ ఫోన్ చేశాడు. కూతురు నాగలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయట. మా బ్లడ్ బ్యాంకు వీధి చివరి నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టకుండానే పరుగెత్తారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "షమీమ్, నంబరు చూసుకో!" అన్నారు. ఆ కంగారులోనూ అదే మాట.

మధ్యాహ్నం నమాజుకి నేను నాలుగు నొక్కే లేచాను. చదువుకుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. నర్సింగ్ హోమ్ నుంచి సిస్టర్. "నాగలక్ష్మికి బాబు పుట్టాడండీ, కానీ బ్లీడింగ్ ఆగట్లేదు. రిపోర్టు ఇంట్లో మర్చిపోయారట. మీ దగ్గర గ్రూపు చూసి రెండు బ్యాగులు వెంటనే పంపండి."

తెర మీద నీలం రంగు కనిపిస్తోంది. నేను లేచాక ల్యాబు వాళ్ళెవరో ఏదో చూసుకుని అలాగే వదిలేశారన్నమాట. రోజూ ఒకటి మీదే పని ఎక్కువ కాబట్టి అదే అనుకున్నాను. లైటు వంక చూశాను కూడా. నాలుగు లైట్ల మీదా దట్టంగా కుంకుమ. ఏది వెలుగుతోందో తెలియలేదు. శుక్రవారం పూట ఆవిడ పెట్టిన బొట్టు చెరపడానికి నా చెయ్యి రాలేదు.

పేరు కొట్టాను. వచ్చింది. నాగలక్ష్మి, బి పాజిటివ్.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. నా ఎడమ చేతిలో ఫోన్ రిసీవరు ఉంది. కుడి చెయ్యి మౌస్ మీద ఉంది. స్విచ్ పెట్టె మానిటరుకి అవతల పక్క, నా చెయ్యి చాచినా అందీ అందనంత దూరంలో ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. చీటీ ప్రింటు తీయడానికి మౌస్ నొక్కబోతుంటే, పెట్టెలోంచి బటన్ పడిన చప్పుడు వచ్చింది. టక్కుమని. తెర నల్లబడిపోయింది.

కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటర్లు రొద చేస్తున్నాయి. ఫోన్లో సిస్టర్ "ఏమండీ, ఉన్నారా?" అంటోంది. లేచి వంగి ఒకటో బటన్ నొక్కాను. నీలం తెర వచ్చింది, కానీ అందులో నేను తీసిన వివరాలు లేవు. పేరు కొట్టే గడి ఖాళీగా ఉంది. విసుక్కుంటూ మళ్ళీ నాగలక్ష్మి అని కొట్టాను.

ఓ పాజిటివ్.

రెండు నొక్కి చూశాను. అక్కడ, నేను వదిలిన చోటే, కంకిపాడు నాగలక్ష్మి బి పాజిటివ్ అని తెరిచి ఉంది.

ఓ పాజిటివ్ బ్యాగులు వెళ్ళాయి. బ్యాగు ఇచ్చే ముందు ల్యాబులో ఎలాగూ మరోసారి సరిచూస్తామనీ, తప్పు చీటీ వెళ్ళినా అక్కడ ఆగేదనీ మా డాక్టరుగారు తర్వాత అన్నారు. ఆగేదే. కానీ తప్పు బ్యాగులు దించి, వెనక్కి పంపి, మళ్ళీ వేరేవి తెచ్చేదాకా ఆ పిల్ల ఆగేదా అన్నదే నా భయం. అల్లాహ్‌కి వేల కృతజ్ఞతలు, సాయంత్రానికి గండం గడిచింది.

పెట్టె బిగించిన ఇంజనీరుని పిలిపించాం. విప్పి చూసి బాగానే ఉందన్నాడు. "తనంతట తను మారే ఏర్పాటు దీంట్లో ఉందండీ, కానీ అది ఖాళీ నంబరు దాటేసి పోతుంది, నాలుగు మీద ఆగదు. మీ చెయ్యే తగిలుంటుంది మేడమ్." నా చేతులు ఎక్కడున్నాయో చెప్పాను. నవ్వేసి బిల్లు రాసుకున్నాడు.

వాడిన రక్తానికి బదులు ఇవ్వడానికి రమేష్ వచ్చాడు. మంచం మీద పడుకుని తనే మాట కలిపాడు. "మా అత్తయ్యగారు ఏం జపం చేసుకున్నారో ఏమోనండీ, సిస్టర్ మీకు ఫోన్ చేస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని, బెంచీ అంచుని బొటనవేలితో ఒకటే నొక్కుడు. వేలు కమిలిపోయింది."

సత్యవతి గారు మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజు బందరు లడ్డూ తెచ్చారు. ఆగలేక, కుంకుమ సంగతి తప్ప జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ పకపకా నవ్వారు. "ఏమ్మా, బతికుండగానే దయ్యాన్ని చేసేశావా నన్ను?"

వేలి సంగతి అడిగితే గుర్తు లేదన్నారు. "ఒకటి చెప్తాను, ఏమీ అనుకోవు కదా? అప్పుడు నాకు దేవుడు కూడా గుర్తు రాలేదు. షమీమ్‌కి కంగారెక్కువ, ఏ నంబరు మీద కొడుతోందో ఏమో అని ఒకటే బెంగ. నిన్ను నమ్మలేదమ్మా నేను" అన్నారు.

నేను నొచ్చుకోలేదు. అయితే లైటు చూసుకోకుండా ఇంకో కంప్యూటర్లో ఎలా కొట్టానని అడిగారు. నేను చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆవిడ చూపు అప్పటికే స్విచ్ పెట్టె మీదికి వెళ్ళింది. ఎండిన కుంకుమ లైట్ల మీద అలాగే ఉంది. కొంగు చివరతో ఒక్కో లైటూ తుడిచారు, చాలాసేపు తుడిచారు. తర్వాత డాక్టరుగారి గదిలోకి వెళ్ళి తన సీటు మార్చమని అడిగారు. మర్నాటి నుంచి రక్తదాతల కౌంటర్లో కూర్చున్నారు. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు.

నాగలక్ష్మి కొడుకు ఇప్పుడు నాకంటే పొడుగయ్యాడు. వాణ్ణి చూసినప్పుడల్లా మనసులో కృతజ్ఞత చెప్పుకుంటాను. అల్లాహ్‌కే చెప్పుకుంటాను, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ వెంటనే ఒక గుబులు పట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం సత్యవతి గారు నన్ను నమ్మి, నిశ్చింతగా దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుని ఉంటే ఏమయ్యేది?