శ్రీను గ్లాసులో నేను కలిపింది

ఆరేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. కంచం ముందు కూర్చున్నా అదే, పక్కమీద వాలినా అదే. అరవై దాటాక, ఈ మధ్యే నేర్చుకున్న అక్షరాలివి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో మనవడి మొదటి పుట్టినరోజు. మిట్టమధ్యాహ్నం, పెరట్లో భోజనాలు. నా భార్య తమ్ముడు శ్రీను వచ్చాడు. గోడౌన్ల సరుకు వ్యాను నడిపేవాడు. మందు చుక్క ముట్టడు. బావమరిదిని ఆట పట్టించడం బావగా నా హక్కనుకున్నాను. ఎవరూ చూడకుండా వాడి నిమ్మరసంలో వోడ్కా కలిపాను. రెండుసార్లు.

"ఏంటి బావా, ఇంత చేదుగా ఉంది?"

"ఈ దేశం నిమ్మకాయలు అంతేరా."

వాడి మాట తడబడ్డాక అందరికీ చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఈలోగా వాడు కారు తీశాడు. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఎందుకు ఆపలేదు? తెలీదని రాస్తే అబద్ధం. అల్లుడి ముందు మాట పడాల్సి వస్తుందని. చెయ్యి ఊపి పంపాను.

మలుపులో పోలీసులు ఆపి ఊదించారు. లైసెన్సు పోయింది. దాంతో వ్యాను పనీ పోయింది. పని లేనివాళ్ళకి సర్కారు ఇచ్చే భృతి అడిగితే, సొంత తప్పుతో పోగొట్టుకున్నావు, కొన్ని వారాలు ఏమీ రాదన్నారట. చూసినవాళ్ళెవరైనా చెబితే మళ్ళీ ఆలోచిస్తామన్నారట.

వాడు నా దగ్గరికొచ్చాడు.

"బావా, నా పక్కనే ఉన్నావుగా. నేను తాగలేదని ఒక్క మాట చెప్పు. మా ఆవిడ కూడా నమ్మట్లేదు."

"నాకు రాయడం రాదు కదరా."

"నోటితో చెప్పు చాలు, వాళ్ళే రాసుకుంటారు."

"అంతమందిలో నేనేం చూశాను? పొరపాటున ఎవరి గ్లాసో ఎత్తుంటావు."

"అయ్యుండొచ్చు బావా," అన్నాడు.

నన్ను నమ్మాడు. నన్ను నమ్మి, తన్ను తాను అనుమానించుకున్నాడు.

ఆ వారాలన్నీ నా భార్య వాళ్ళింటికి అన్నం, కూరలు మోసింది. కార్లో ఆ సంచి నా ఒళ్ళోనే ఉండేది. తర్వాత వాడు ఎక్కడో దూరాన డార్విన్ అనే ఊరికి వెళ్ళిపోయి, ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడిగే పనిలో చేరాడు. చుట్టాల్లో ఇప్పటికీ "తాగి దొరికినోడు" అనే అంటారు. నా ఎదురుగానే అంటారు. నేను విని ఊరుకుంటాను.

నిజం చెబితే ఈ దేశం నుంచి పంపేస్తారని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. ఇంట్లో పెద్దవాణ్ణన్న పరువు పోతుందని, అంతే. ఆ పరువుతో నేనేం చేసుకున్నాను?

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇది వాడికి పంపగలనో లేదో కూడా తెలీదు. నా భార్యకి కూడా ఇంతవరకు చెప్పలేదు. మీకే మొదట చెప్పాను. గుండెల మీద బరువు దిగలేదు గానీ, కాస్త కదిలింది.